మన తీరమున వలందులు

నేను నివసించునది హైదరాబాదు నగరమున సనత్‌నగరు. అది కర్మాగారముల పేట. ఆ కర్మాగారములలో పనికై వచ్చి, పిమ్మట ఇచ్చటనే ఇల్లు కట్టుకొని నిలిచిపోయినవారు మా వీధులలో హెచ్చు. అందుచేత మా పేటలో కొత్తవానిని పలుకరించువారు పేరడుగుటకు ముందే "మీదే యూరండీ?" అని యడుగుదురు. చెప్పిన యూరిపేరే వానికి ఇంటిపేరై కూర్చుండును. ఉదయము తోటలో నాతో నడచువారిలో ఒకరు సిద్దిపేట పటేలుగారు, ఒకరు తణుకు శాస్త్రిగారు. నేను బందరు మాస్టారను. నేను పుట్టినది బందరు కాదు. దివిసీమలో నొక చిన్న గ్రామము. బందరున ఇరువదియారేండ్లు తెలుగు పండితుడనుగా పనిచేసితినని యొకనాడు మాటవరుసకు చెప్పితిని. నాటినుండి నాకు వేరు పేరు లేదు.

ఊరిపేరు మనుష్యుని అంటిపెట్టుకొను ఈ సంగతిని కొంచెము జ్ఞాపకముంచుకొనుడు. ముందు దానితో పని యున్నది.

బందరు బడిలో నేను చేసిన యొక తప్పును మొదట చెప్పుకొనవలెను. చరిత్ర చెప్పు ఉపాధ్యాయుడు బదిలీయై పోయినప్పుడు ఆ తరగతులు కూడ నాకే యప్పగించెడివారు. నేను సంస్కృత పాఠశాలలో కావ్యములు, కౌముది చదివినవాడను. ఐరోపావారి చరిత్ర నాకు పాఠ్యపుస్తకములో నున్నంతయే తెలియును. "డచ్చివారు 1605వ సంవత్సరమున వచ్చిరి, వర్తకము చేసిరి, ఇంగ్లీషువారికి చోటిచ్చి పోయిరి" అని మూడు ముక్కలు చెప్పి పుట త్రిప్పెడివాడను. ఒకనాడు వెనుక బల్లనుండి యొక పిల్లవాడు లేచి, "మాది వలందపాలెమండి. వలంద అంటే ఏమిటి మాస్టారూ?" అని యడిగెను. నాకు తెలియదు. తెలియదనుటకు నోరు రాలేదు. "వలయ శబ్దమునుండి వచ్చినదిరా. పూర్వము ఆ పాలెము చుట్టు కాలువ వలయముగా నుండెడిది" అని అప్పటికప్పుడొక వ్యుత్పత్తి కల్పించితిని. వాడు దానిని శ్రద్ధగా నోటుపుస్తకమున వ్రాసికొనెను. మా పండితులకు ఈ జాడ్యము కలదు. ఏ పదము కనబడినను దానికొక ధాతువును తగిలింపనిదే మాకు నిద్రపట్టదు.

వలందు అనగా హాలెండు దేశస్థుడు. డచ్చివారనగా వారే. మన పూర్వులు హాలెండను మాటను తమ నోటికి అనుకూలముగా ఒలాందనియు, వలందనియు మార్చుకొనిరి. ఫ్రెంచివారు పరాసులైనట్లే వీరు వలందులైరి. బందరున వలందపాలెము, పరాసుపేట, ఇంగ్లీషుపాలెము అను మూడు పేటలు నేటికిని ఉన్నవి. నరసాపురమున గోదావరి యొడ్డున వలందరరేవు కలదు. మా బడినుండి వలందుల సమాధులకు నడచిపోవచ్చును. ఇరువదియారేండ్లలో ఒక్కసారియైనను పిల్లలను అచ్చటికి తీసికొనిపోలేదు, నేనును పోలేదు.

గడచిన మాఘమాసమున ఒక పూర్వవిద్యార్థి తన కుమార్తె వివాహమునకు పిలువగా బందరు పోయితిని. ముహూర్తము తెల్లవారుజామున ముగిసినది. తిరుగుబండి రాత్రికిగాని లేదు. ఆ పగలంతయు ఏమి చేయుదునని యోచించుచుండగా వలందపాలెపు పిల్లవాడు జ్ఞప్తికి వచ్చెను. వెంటనే బయలుదేరితిని.

హైదరాబాదున మ్యూజియములకు లోటు లేదు. పబ్లికుగార్డెన్సులో నొకటి, మూసీ యొడ్డున సాలార్‌జంగు మ్యూజియము, ఇంకను కొన్ని యున్నవి. వానిలో ఐరోపా పింగాణి, గడియారములు, విగ్రహములు కావలసినన్ని చూడవచ్చును. అవి మన ప్రభువులు కొని తెచ్చుకొన్నవి. తమంత తాముగా ఇచ్చటికి వచ్చి, బ్రదికి, చచ్చిన వలందులను చూడవలెనన్న బందరే పోవలెను. ఆ మ్యూజియమునకు కప్పు లేదు. ప్రహరి లోపల గడ్డి, ఆ గడ్డిలో నల్లరాతి పలకలు, అంతే. కేంద్రప్రభుత్వపు పురావస్తుశాఖవారు దానిని రక్షిత స్థలముగా ప్రకటించి కాపాడుచున్నారు.

ఒక్కొక్క పలకమీద చచ్చినవాని వంశచిహ్నము ఉబ్బెత్తుగా చెక్కియున్నది. శిరస్త్రాణము, దానిచుట్టు ఆకుల అల్లిక, దాని క్రింద డచ్చి లిపిలో పేరు, ఉద్యోగము, పుట్టిన తేదీ, గిట్టిన తేదీ. నాకు ఆ భాష రాదు. అంకెలు మాత్రము చదువగలిగితిని. తీసివేతలు చేసికొనుచు నడచితిని. పెక్కండ్రు ముప్పదియైదు నలువదియేండ్లు దాటినవారు కారు. కొన్ని పలకలు పసిబిడ్డలవి. మన నేల వేడిమి, మన నీటి విషజ్వరములు వారిని ఊరకే విడువలేదు. వర్తకులే కానిండు, ధనాశాపరులే కానిండు, పరదేశమున బిడ్డను పూడ్చుకొన్న తల్లి దుఃఖమునకు కులమేమి, దేశమేమి? కొంతసేపు అచ్చటనే కూర్చుంటిని.

ఇక వారెందుకు వచ్చిరో చెప్పెదను. హాలెండు వర్తకులు 1602లో ఒక కుంపిణీగా కూడిరి. వారి చూపంతయు తూర్పుసముద్రమున మొలక్కా దీవులలో పండు లవంగము, జాజికాయ, జాపత్రులమీద. ఆ దీవులవారికి వెండి బంగారములపై ఆశ తక్కువ, వారడిగినది బట్ట. ఆ బట్ట ఎచ్చటిది? మన తీరపుది. అందుచేతనే వారి కుంపిణీ అధికారి యొకడు 1612లోనే ఈ చోళమండల తీరమును మొలక్కా దీవులకు ఎడమచేయి వంటిదని వర్ణించెను. 1605లో డెల్‌ఫ్టు అను వారి ఓడ బందరు రేవున లంగరు దించెను. మరుసటి యేడు గోలకొండ ప్రభువగు మహమ్మదు కులీ కుతుబ్‌షా వారికి ఫర్మానా నొసగి, సుంకమును నూటికి నాలుగుగా నిర్ణయించెను. ఆయనయే 1591లో హైదరాబాదు నగరమును నిర్మించిన ప్రభువు. చార్మినారు అప్పటికి పదునైదేండ్ల కొత్త కట్టడము.

ఆ బట్ట మాట కొంచెము విడిచి చెప్పవలెను. మీలో నేతపని, అద్దకపుపని ఎరిగినవారుందురు, తప్పున్న దిద్దుడు. నేసిన తానును ఉతికి, కరక్కాయ రసమునను గేదెపాలలోను తడిపి ఆరవేయుదురు. పాలలోని జిడ్డు రంగును అటునిటు ప్రాకనీయదు. తుప్పుపట్టిన యినుమును బెల్లపునీట నానవేసిన కసిమితో నల్లగీతలు దిద్దుదురు. ఎఱుపు కావలసినచోట పటికనీరు పూయుదురు. పిమ్మట చిరివేరు వేసి కాచిన నీటిలో ఉడికించినచో పటిక తగిలినచోటనే ఎఱుపు పట్టును. తక్కిన తావు పారునీట ఉతికి ఎండవేయగా తెల్లబడును. వెదురుపుల్లకు గుడ్డ చుట్టిన కలముతో చేయుదురు కనుక కలంకారీ యనిరి. ఆ చిరివేళ్లలో మేలైనవి పెదపల్లి, అనగా నేటి నిజాంపట్నపు ఇసుకనేలలలో దొరకెడివి. అందుకే వలందులు 1606లోనే అచ్చటను కొట్టు తెరచిరి. ఐరోపావారికి అప్పటికి నూలుబట్టపై ఉతికినను పోని రంగు వేయు విద్య తెలియదు. మన యిండ్లలో ఆడువారు నీటితొట్టిలో పిండి ఆరవేయు చీర వారికి అద్భుతముగా తోచినది.

బందరు చెంతనున్న పెడనలో ఈ పని నేటికిని జరుగుచున్నది. నేడు అచ్చుదిమ్మెల వాడుక హెచ్చు. కాని మూడువందల యేండ్లనాటి పాత బట్టలు చూడవలెనన్న హాలెండు పోవలెను. ఆ దేశపు ఉత్తరభాగమున హిందెలోపెన్ అను సముద్రతీరపు ఊరు కలదు. ఆ యూరి స్త్రీలు మన తీరపు పువ్వులబట్టతో నిలువుటంగీలు కుట్టించుకొని, దానిని తమ పూర్వాచారముగా నిలుపుకొనిరి. లేవార్డెను పట్టణపు మ్యూజియమున అట్టి అంగీలు, దుప్పట్లు భద్రముగా నున్నవి. వారి యెముకలు మన గడ్డిలోను, మన బట్ట వారి గాజుబీరువాలోను! ఆ బట్ట నేసినవాని పేరుగాని, దిద్దినవాని పేరుగాని దానిమీద లేదు. కుంపిణీవారు దుబాసీలకు, శెట్లకు బయానా యిచ్చెడివారు; శెట్లు సాలెవారి కిచ్చెడివారు. నూలు ధర పెరిగినను, వాన వచ్చి తాను తడిసినను నష్టము సాలెవానిదే.

బందరు, నిజాంపట్నముల పిమ్మట వలందులు లోనాడులకు కూడ వ్యాపించిరి. పాలకొల్లు, దాక్షారామము, కాకినాడ చెంత జగన్నాథపురము, భీమునిపట్నము వారి మజిలీలు. భీమునిపట్నమున సముద్రపుటొడ్డున గోపురపు మొనలవలె పైకి సన్నగిల్లు వారి సమాధులను మీలో పలువురు చూచియుందురు. ఖమ్మము జిల్లా నాగులవంచలో సైతము వారికి 17వ శతాబ్దిలో బట్ట, నీలిమందు సేకరించు కొట్టు కలదు. ఈ సంగతి నాకు పదవీవిరమణానంతరము తెలిసినది.

మీకు భద్రాచల రామదాసు కథ తెలియును. ఆయన మేనమామలగు అక్కన్న మాదన్నల కథ తెలియును. ఆ అక్కన్న మాదన్నలను ఎరిగిన వలందు డేనియలు హావర్టు. ఈతడు కుంపిణీ కొలువున మన తీరమున పెక్కేండ్లు ఉండి, స్వదేశమునకు మరలి, 1693లో చోళమండలపు ఉత్థానపతనములను గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. అందు తానీషా కొలువు, మాదన్న మంత్రిత్వము, ఊళ్ల వివరములు, బందరు సమాధులమీది వ్రాతలు కూడ ఎక్కించెను. తానీషా వలందులకు బాకీపడెననియు, ఆ బాకీకై వారు 1686లో బందరును బలిమిని ఆక్రమించిరనియు చరిత్ర చెప్పుచున్నది. అదే యేడు అక్కన్న మాదన్నలు గోలకొండలో హతులైరి. మరుసటి యేడు 1687లో గోలకొండయే ఔరంగజేబు వశమయ్యెను. మన పురాణములలో రాజ్యము పడునప్పుడు ఉల్కలు రాలును. ఇచ్చట బాకీదారులు వచ్చిరి.

ఆ పిమ్మటి కథ త్వరగా చెప్పవచ్చును. ఇంగ్లీషువారు బలిసిరి, వలందులు సన్నగిల్లిరి. 1799లో కుంపిణీ రద్దయ్యెను. 1824 నాటి సంధి ననుసరించి 1825లో ఇచ్చటి వారి స్థానములన్నియు ఇంగ్లీషువారి వశమాయెను. 1864 నవంబరులో వచ్చిన ఉప్పెన బందరులో వేలకొలది జనమును మ్రింగి, రేవును కూడ పాడుచేసినది. 1897లో అలెగ్జాండరు రీ అను పురావస్తుశాఖ యధికారి మిగిలిన సమాధులన్నిటిని తిరిగి చూచి, వ్రాతలు ఎత్తించి, గ్రంథముగా అచ్చువేయించెను.

వారు మన భాషకిచ్చిన మాటలను వెదకితిని, రెండు దొరకినవి. బత్తాయిపండు అసలు బత్తావి, అనగా బటేవియా నగరపు నారింజ యని నిఘంటుకారులు చెప్పుదురు. రెండవది పెద్దల సభలో చెప్పదగినది కాదు గాని చరిత్రకు సిగ్గులేదు: కక్కూసు అను మాట డచ్చివారిదే యని భాషావేత్తల యభిప్రాయము. రెండువందల యేండ్ల సహవాసమునకు ఒక పండు, ఒక దొడ్డి!

ఆ బటేవియాతోనే నా కథ మలుపు తిరుగుచున్నది. అది నేటి జకార్తా. 1619లో వలందులు తూర్పుదీవులలో నిర్మించుకొన్న రాజధాని. దానిని కట్టుటకు, దానిలో కొలువు చేయుటకు వారికి మనుష్యులు కావలసివచ్చిరి. ఆ మనుష్యులు కొందరు మన తీరమునుండియే పోయిరి. నేను బందరునుండి తిరిగివచ్చి సనత్‌నగరులో ఈ పుస్తకములన్నియు తిరుగవేయుచుండగా మొదటిసారి ఈ సంగతి కంటబడినది. పాఠ్యపుస్తకమున ఎన్నడును లేనిది.

చెన్నపట్టణమున మా యమ్మాయి యింటికి పోయినప్పుడు ప్రళయకావేరి చూచివచ్చితిని. ఇంగ్లీషువారు పులికాటు అనునది అదే. మన నెల్లూరు సీమకును, తమిళనాటికిని నడుమ పరచుకొన్న ఉప్పుకయ్యపు దక్షిణపు కొనను ఆ యూరు కలదు. 1610లో విజయనగరపు వేంకటపతిరాయలు వలందుల కచ్చట చోటిచ్చెను. 1613 నాటికి వారు గెల్డ్రియా యను కోట కట్టి, తమ చోళమండల వ్యవహారములకు దానిని ముఖ్యస్థానము చేసికొనిరి. అచ్యుతప్పశెట్టి, చిన్నన్నశెట్టి అను తెలుగు వర్తకసోదరులు వారికి అచ్చట కుడిభుజములు. నేడు కోట లేదు; మట్టిదిబ్బ, ముండ్లపొదలు ఉన్నవి. సమాధులవాకిట మాత్రము రాతిలో చెక్కిన రెండు కంకాళములు కావలి నిలిచియున్నవి. లోపల మరల వంశచిహ్నములు, పేర్లు, తేదీలు.

ఆ రేవుననే కరవు నాళ్లలో మనుష్యులను ఓడ యెక్కించిరి. మా తాతగారు 1876వ సంవత్సరపు ధాత కరవును గూర్చి తన తండ్రి చెప్పిన మాటలు చెప్పుచు కంటతడి పెట్టెడివారు. అట్టివి 17వ శతాబ్దిలో మాటిమాటికి వచ్చినవి; 1630 ప్రాంతపు కరవు బందరు సీమను కూడ తాకినది. యుద్ధమో, అనావృష్టియో వచ్చినప్పుడెల్ల ఈ తీరమున గ్రాసము లేక తలిదండ్రులు బిడ్డలను, పెద్దలు తమ్ము తాము అమ్ముకొనిరి. 1659 మొదలు 1661 వరకు వచ్చిన కరవులో వేలకొలది జనమును వలందులు సింహళమునకును, బటేవియాకును తరలించిరి. కొన్నవాడు వలందు. ఊళ్లు తిరిగి పోగుచేసి రేవునకు తోలుకొని వచ్చినవాడు మనవాడే. ఈ రెండవ మాట చెప్పక మొదటిది మాత్రమే చెప్పుట న్యాయము కాదు.

పోయినవారిలో ఒక్కతె కథ దొరకినది. ఆమె సుమారు 1631లో పులికాటులో పుట్టినది. బానిసగా బటేవియా చేరినది. తలిదండ్రులు పెట్టిన పేరు ఎవ్వరికి తెలియదు. కత్రీన యని పేరు పెట్టిరి. తనతో కలహించిన మరియొక బానిసను చంపినదను నేరమునకు 1656లో ఆమెకు మరణశిక్ష పడెను. దానిని తగ్గించి దేశాంతరవాసము విధించిరి. 1657లో ఆఫ్రికా ఖండపు దక్షిణాగ్రమున, వలందులు ఐదేండ్లక్రితమే స్థాపించిన కేపు పట్టణమున దించిరి. అచ్చట బట్టలుతుకుచు బ్రదికెను. కొంతకాలమునకు విడుదల పొంది వివాహమాడెను. ఆమెకు ఒక సైనికునివలన కుమారుడు కలిగెను. ఆ కుమారుని సంతతియే దక్షిణాఫ్రికాలో నేడు స్నైమన్ అను పెద్ద వంశము. మన తీరపు కరవులకు, వర్తకమునకు నడుమ కొట్టుకొనిపోయిన యొకతె ఒక దేశపు కుటుంబములకు మూలపుటమ్మయైనది.

కేపు పట్టణపు లెక్కలలో ఆమె పేరు కత్రీన వాన్ పాలియకట్ట. వాన్ అనగా ఫలాని యూరినుండి వచ్చినదని అర్థము. ఆమెవంటివారందరి పేర్లు ఇట్లే: ఫలాని వాన్ బెంగాల, ఫలాని వాన్ చోళమండలము. ఇంటిపేరు లేదు, తండ్రిపేరు లేదు, ఊరిపేరొక్కటే. ఆ పట్టణమున కుంపిణీ బానిసలనుంచుటకు 1679లో కట్టిన పెద్ద భవనము నేడు బానిసల చరిత్రను చూపు మ్యూజియము. నేను దానిని చూడలేదు, చూడబోను. నా మోకాళ్లు ఓడ ప్రయాణమునకు గాని విమాన ప్రయాణమునకు గాని అంగీకరింపవు. కాని ఉదయము తోటలో "బందరు మాస్టారూ" అని ఎవరైనను పిలిచినప్పుడు ఆమె తలపునకు వచ్చుచున్నది. నన్ను పిలుచువారికి నా పేరు తెలియకున్నను ఫరవాలేదు. నా పింఛను పుస్తకములో అది యున్నది. ఆమె పేరు ఏ పుస్తకములోను లేదు.

బందరు సమాధులలోని పసిబిడ్డలను చూచి నేను దుఃఖించితిని. ఆ దుఃఖమును వెనుకకు తీసికొనను. కాని వలందులు వచ్చిరి, వర్తకము చేసిరి, పోయిరి అని మూడు ముక్కలుగా చెప్పినప్పుడు, వారితో పోయినవారిని నేను లెక్కలోనుండియే తీసివేసితినని యిప్పుడు తెలిసినది. ఇరువదియారేండ్లు, ఏడాదికొక తరగతి.

పెద్దలారా, మీ గ్రామములలో వలంద యను మాట కలసిన చేను గాని, బావి గాని, రేవు గాని యున్నయెడల దానిని గూర్చి మీ పెద్దలు చెప్పిన మాటను ఒక కాగితమున వ్రాయించి యుంచుడు. నావంటి పండితుడెవడైన వచ్చి వలయ శబ్దమని చెప్పినచో నమ్మకుడు.

వలందపాలెపు ఆ పిల్లవానికి ఇప్పటికి నలువదియేండ్లుండును. పెండ్లినాడు బందరున వానిని గూర్చి విచారించితిని. చేపల వ్యాపారమునకై విశాఖపట్టణము పోయెనని ఒకరు, కాదు, గల్ఫు దేశమునకు పోయెనని ఒకరు చెప్పిరి. అచ్చట వానిని ఏ పేరుతో పిలుచుచున్నారో! ఈ ప్రసంగము వాని చెవిని పడినయెడల, ఆ పాత నోటుపుస్తకము వాని తల్లి అటకమీద ఇంకను దాచియున్నయెడల, నేను చెప్పించిన ఆ పంక్తిని కొట్టివేసి, దాని ప్రక్కన వలందు అనగా హాలెండువాడని వ్రాసికొనునుగాక.